తలదెబ్బకు మందు: పావగడ నుంచి చూస్తే

పావగడ కర్ణాటకలోని తుమకూరు జిల్లా తాలూకానే అయినా దాని చుట్టూ దాదాపు అంతా ఆంధ్ర సరిహద్దే. 2022 మార్చిలో పళవళ్లి కట్ట దగ్గర కిక్కిరిసిన ప్రైవేటు బస్సు బోల్తాపడి విద్యార్థులు చనిపోయిన రోజున ఈ పేరు దేశమంతా వినిపించింది. బైకు మీంచి పడేవాళ్ల గురించి మాత్రం ఎవరూ రాయరు. తాలూకా ఆస్పత్రి స్థాయిలో న్యూరోసర్జరీ ఉండదు కాబట్టి తలకు గట్టి దెబ్బ తగిలితే తుమకూరుకో, నూట యాభై కిలోమీటర్ల దూరంలోని బెంగళూరు నిమ్హాన్స్ ఆస్పత్రికో పోవాలి. తలదెబ్బకు మందు కనిపెట్టడం ఇన్నేళ్లుగా ఎందుకు కుదరలేదో అర్థం కావాలంటే ఈ దూరాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

మెదడుకు నష్టం ఒక్కసారిగా జరిగిపోదు. దెబ్బకు చితికిన కణాలను ఏ మందూ బతికించలేదు. ఆ తర్వాత గంటల్లో రక్తం గూడుకట్టడం, వాపు రావడం, పుర్రె లోపల ఒత్తిడి పెరగడం అనే రెండో దశ మొదలవుతుంది. మందుల ఆశంతా దాని మీదే. వాపు తగ్గిస్తుందని డాక్టర్లు దశాబ్దాల పాటు స్టెరాయిడ్లు ఇచ్చారు. 10,008 మందితో జరిపిన క్రాష్ అనే పరీక్ష ఫలితం 2004లో వచ్చేసరికి రెండు వారాల్లో మరణాలు స్టెరాయిడ్ తీసుకున్నవాళ్లలో 21.1 శాతం, తీసుకోనివాళ్లలో 17.9 శాతం అని తేలింది. మేలు చేస్తుందనుకున్న మందే ప్రాణాలు తీసింది! జంతువుల్లో బాగా పనిచేసిన ప్రొజెస్టెరాన్ హార్మోన్ కూడా 2014లో రెండు పెద్ద పరీక్షల్లోనూ మనుషులకు మేలు చేయలేదు. మన దగ్గర మందుల చీటీల్లో తరచూ కనిపించే సిటికోలిన్‌కు 2012లో 1,213 మందితో జరిగిన అమెరికా పరీక్షలోనూ ఇదే గతి పట్టింది.

ఇన్ని మందులు ఎందుకు విఫలమయ్యాయి? పుర్రెకూ మెదడు పొరకూ మధ్య రక్తస్రావం, మెదడు కమిలిపోవడం, నరాల తీగలు తెగిపోవడం వేర్వేరు జబ్బులు. మలేరియాకూ టైఫాయిడ్‌కూ జ్వరమనే ఒకే పేరు పెట్టి ఒకే మాత్ర ఇచ్చినట్టు, వీటన్నిటినీ ఒకే గుంపులో కలిపి పరీక్షించారు. ఇది నిపుణులు ఒప్పుకునే కారణమే. నాకు అంతకన్నా పెద్దదిగా కనిపించేది టైము. ల్యాబులో ఎలుకకు దెబ్బ తగిలిన నిమిషం తెలుసు, మందు కాసేపట్లోనే అందుతుంది. పావగడ మనిషి పెద్దాస్పత్రి చేరేలోపు ఆ గంటలు దారిలోనే అయిపోతాయి.

ట్రానెగ్జామిక్ యాసిడ్ కథ చూడండి. కాన్పు తర్వాతి రక్తస్రావానికి వాడే చవకైన పాత ఇంజెక్షన్ ఇది. 29 దేశాల్లో 12,737 మందితో జరిగిన క్రాష్-3 ఫలితాలు 2019లో వచ్చాయి. మూడు గంటల్లోపు ఇస్తే, దెబ్బ మరీ తీవ్రం కానివాళ్లలో తలగాయం వల్ల మరణాలు 7.5 నుంచి 5.8 శాతానికి తగ్గాయి. అప్పటికే తీవ్ర దశలో ఉన్నవాళ్లలో తేడా లేదు. మొత్తం లెక్కలోనూ తేడా నిర్ధారణగా తేలలేదని, ఒక ఉపగుంపును పట్టుకుని సంబరపడకూడదని విమర్శకులు అంటారు. ఆ మాట నిజమే. 2020లో వచ్చిన అమెరికా-కెనడా పరీక్షలో అంబులెన్సులోనే ఇచ్చినా, ఆరు నెలల తర్వాత రోగుల పనితీరు మెరుగుపడలేదు. కాబట్టి దీన్ని సంజీవని అనలేం. కానీ క్రాష్-3లో దుష్ప్రభావాలు పెరగలేదు, పైగా ఎంత త్వరగా ఇస్తే అంత మేలన్న సూచన ఉంది. అలాంటప్పుడు ఇలాంటి మందులను పెద్దాస్పత్రి గడపలో కాకుండా, తాలూకా ఆస్పత్రిలో, 108 అంబులెన్సులో పరీక్షించడమే న్యాయం.

పల్లె జనం మీద ప్రయోగాలా అని అడిగేవాళ్లుంటారు. అడగాలి కూడా. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు పెట్టి, తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లతో సంతకాలు పెట్టించిన సంగతి తెలుగువాళ్లు మరిచిపోలేరు. స్పృహ లేని మనిషి తరఫున ఎవరు ఒప్పుకోవాలన్నది ఇక్కడ ఇంకా చిక్కు ప్రశ్న. అయితే ఆ అన్యాయానికి విరుగుడు గట్టి నియమాలు, ఎథిక్స్ కమిటీ నిఘా. పరీక్షలే వద్దంటే, పట్నంలో తేలిన ఫలితాన్ని పల్లెకు గుడ్డిగా అంటించడమే మిగులుతుంది. స్టెరాయిడ్ల విషయంలో పరీక్ష లేని వైద్యం ఎంత ఖరీదైందో చూశాం.

ఈలోగా మనం చేయగలిగింది ఒకటుంది. ఎవరైనా పడి తలకు దెబ్బ తగిలితే, ఎన్ని గంటలకు తగిలిందో గుర్తుపెట్టుకుని మొదట చూసే డాక్టరుకు చెప్పండి.