నమ్మకం... ఎవరికెంత ఖరీదు!

ఇంటి తాళాలు పనిమనిషి చేతికివ్వాలంటే ఏ యజమానైనా పదిసార్లు ఆలోచిస్తాడు. అదే పనిమనిషి మాత్రం నెలరోజుల కష్టాన్ని ముందే ధారపోసి, ఒకటో తారీఖు కోసం ఎదురుచూస్తుంది. మరి ఎవరు ఎవర్ని ఎక్కువ నమ్మినట్టు?

ఔటర్ రింగురోడ్డు వచ్చాక హైదరాబాద్‌కి ఉత్తరాన ఉన్న మేడ్చల్, శామీర్‌పేటల రూపే మారిపోయింది. ఓపక్క విల్లాలూ ఫామ్‌హౌస్‌లూ, తుర్కపల్లి చుట్టూ జీనోమ్ వ్యాలీ సంస్థలూ. మరోపక్క పొట్ట చేతపట్టుకుని ఇతర జిల్లాల నుంచీ రాష్ట్రాల నుంచీ వచ్చి, అద్దెగదుల్లో ఉంటూ ఫ్యాక్టరీల్లో, కట్టడాల్లో పనిచేసే కుటుంబాలు. ఉండేది పక్కపక్కనే అయినా ఎదుటి మనిషిని నమ్మే తీరు మాత్రం వేరు.

గేటుకు అటూ ఇటూ...
గేటు లోపల నమ్మకానికి ఏర్పాట్లెన్నో. రిజిస్టరు, సీసీ కెమెరా, ఆధార్ నకలు, సెల్‌ఫోన్ యాప్‌లో అనుమతి. గేటు బయట అవేవీ ఉండవు. అడ్డా మీది కూలీ మేస్త్రీ ముఖం చూసి బండెక్కేస్తాడు. సాయంత్రం డబ్బులివ్వకపోతే చూపించడానికి చీటీముక్క కూడా ఉండదు. పక్కింటావిడకి బిడ్డను అప్పగించి పనికెళ్లే తల్లిదీ అదే పరిస్థితి. అక్కడ నమ్మకం మంచితనం మాత్రమే కాదు, అవసరం కూడా!

పోతే ఎవరికెంత?
2010లో కాలిఫోర్నియా పరిశోధకులు ఓ ఆట ఆడించారు. అపరిచితుడి చేతికి కొన్ని పాయింట్లు అప్పగించాలి, అతను తిరిగిస్తే లాభం. తమది కింది తరగతి అనుకున్నవాళ్లే అందులో ఎక్కువ నమ్మారు. కానీ చాలా దేశాల సర్వేల్లో ‘మనుషుల్ని నమ్మొచ్చు’ అని ఎక్కువగా చెప్పేది చదువుకున్నవాళ్లూ ఉన్నవాళ్లే. వింతేం లేదు. పదివేలు పోతే ఒకరికది చేదు అనుభవం, మరొకరికి రెండు నెలల ఇంటద్దె. పైగా ఉన్నవాళ్ల వెనక అండ ఉంటుంది. బ్యాంకు మునిగినా 5 లక్షల దాకా డిపాజిట్‌కు 2020 నుంచి బీమా ఉంది. 1982 నాటి చట్టం కింద రిజిస్టరైన చిట్టీకి నిర్వాహకులు ముందే పూచీ కట్టాలి. బస్తీలో నోటిమాట మీద నడిచే చిట్టీకి ఏ పూచీ ఉంటుంది!

మాటే తాకట్టు
ఆస్తి లేనివాళ్లకు మాటే ఆస్తి. దాన్ని నమ్ముకునే 1992లో నాబార్డు పొదుపు సంఘాలకు బ్యాంకు రుణాల పథకం మొదలుపెట్టింది. తాకట్టు లేదు, తోటి మహిళల పూచీయే హామీ. తెలుగునాట లక్షల కుటుంబాలు దాంతో నిలదొక్కుకున్నాయి. అదే పూచీని ప్రైవేటు సూక్ష్మరుణ సంస్థలూ వాడుకున్నాయి. ఒకరు వాయిదా తప్పితే తోటివాళ్లే గుమ్మం ముందు నిలబడాల్సి వచ్చింది. వేధింపులు, ఆత్మహత్యల వార్తల మధ్య 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి కట్టడి చేసింది. అండ లేని నమ్మకం ఒక్కోసారి మెడకు ఉరవుతుంది మరి!

అందుకే లేనివాళ్లకు కావాల్సింది ‘అందర్నీ నమ్ము’ అన్న సుద్దులు కాదు, నమ్మినా మునిగిపోమన్న భరోసా. చెప్పిన తారీఖుకు జీతం, రాసిపెట్టిన లెక్క, రిజిస్ట్రేషన్ ఉన్న చిట్టీ. పనివాళ్లు ఎప్పుడొచ్చారో, ఎప్పుడెళ్లారో రాసుకోవడానికి గేటు దగ్గర ఓ పుస్తకం ఉన్నప్పుడు... వాళ్లకివ్వాల్సింది ఎంతో రాసుకోవడానికి ఇంట్లోనూ ఒకటి ఉండొచ్చుగా!