పటమున చోటు లేనివారి చరిత్ర

కార్వేటినగరమునకు వచ్చినవారికి మనము చూపునవి వేణుగోపాలస్వామి ఆలయము, స్కంద పుష్కరిణి, సంస్థానాధీశుల కట్టడములు. రాజుల కీర్తి రాతిలో నిలిచినది. సారంగపాణి పేరు ఆయన పదములలో నిలిచినది. శాసనము గాని, కట్టడము గాని లేనివారి చరిత్ర ఎక్కడ నిలుచును? ఈ ప్రశ్నకు మన కాలమున లభించిన సమాధానములలో కంప్యూటరు పటము ఒకటి. హిజ్రాలు, స్వలింగ ప్రేమికులు మొదలగు లైంగిక అల్పసంఖ్యాకులను నేడు క్వీర్ అను ఒక్క మాటతో వ్యవహరించుచున్నారు. వారు నివసించిన, కలిసికొనిన, పోరాడిన స్థలములను గుర్తించు పటములను గూర్చి ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

పని విధానము సులభమే. అక్షాంశ రేఖాంశములను బట్టి పటముపై ఒక గుర్తు పెట్టుదురు. దానిని నొక్కినచో అక్కడ ఏమి జరిగినదో, ఎప్పుడు జరిగినదో, ఆధారమేమో తెలియును. న్యూయార్కు నగరమున 2015లో మొదలైన ప్రణాళికలో చరిత్రకారులు పాత పత్రికలను, రికార్డులను పరిశీలించి ఇట్టి గుర్తులను చేర్చుచున్నారు. 1969 జూన్‌లో పోలీసుల దాడిని ఎదిరించిన స్టోన్‌వాల్ ఇన్ అను పానశాల వానిలో ప్రసిద్ధమైనది. 2016లో అది జాతీయ స్మారకముగా ప్రకటింపబడినది. కెనడాలోని మాంట్రియల్‌లో లూకాస్ లారోషెల్ 2017లో ప్రారంభించిన ‘క్వీరింగ్ ద మ్యాప్’ మార్గము వేరు. అందులో ఎవరైనను తమ జ్ఞాపకమును, పేరు చెప్పకయే, ప్రపంచ పటముపై వ్రాయవచ్చును.

పేరు చెప్పకుండుట ఎందుకు ముఖ్యమో గ్రహించుటకు హైదరాబాదు చరిత్ర చాలును. నేటి ఉర్దూలో ఖ్వాజాసరాలని గౌరవముగా పిలువబడు హిజ్రాలను గూర్చి నైజాము ప్రభుత్వము 1329 ఫసలీలో, అనగా 1919లో, ఒక చట్టము చేసినది. నేరానుమానము గలవారి పేర్లను, నివాసములను ఒక రిజిస్టరులో వ్రాయవలెనని అది శాసించినది. రిజిస్టరుకెక్కిన వ్యక్తి స్త్రీవేషమున వీధిలో కనబడినను, బహిరంగముగా ఆడిపాడినను, వారంటు లేకయే నిర్బంధింపవచ్చును. తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో ఈ చట్టము రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసినది.

ఆ రిజిస్టరు కూడ ఒక విధముగా పటమే. ఎవరు ఏ యింట నున్నారో అది పోలీసులకు చూపినది. నేడు చరిత్ర కొరకు గీయు పటము కూడ ఆ వివరములనే కోరును. భేదమంతయు ఎవరు గీయుచున్నారు, ఎవరి సమ్మతితో, ఎవరి మేలు కొరకు అను దానిలోనే యున్నది. 2018 ఫిబ్రవరిలో ‘క్వీరింగ్ ద మ్యాప్’ను దుండగులు పాడుచేయగా అది కొంతకాలము మూతపడి, స్వచ్ఛంద సేవకుల సహాయముతో మరల తెరువబడినది. అందు వ్రాయబడు జ్ఞాపకములను పరిశీలించిన పిదపనే ప్రకటింతురు. కావున జీవించియున్నవారి యిల్లు పటమున చూపరాదు. ఇంటి నంబరుకు బదులు పేట పేరు చాలును. సంబంధించినవారు తొలగింపుమన్నచో వెంటనే తొలగింపవలెను.

మరియొక జాగ్రత్త కలదు. మనకు సమీపమున తిరుపతిలో గంగమ్మ జాతర జరుగునపుడు పురుషులు మ్రొక్కు చెల్లించుటకై స్త్రీవేషము ధరింతురు. పటము గీయువారు త్వరపడి దీనిని క్వీర్ స్థలమని వ్రాసినచో భక్తుల మనోభావమునకు, చరిత్రకు కూడ అన్యాయమగును. వేషము వేరు, జీవితము వేరు. అయినను పురుషుడు చీర కట్టుట నేరము కాక మ్రొక్కైన చోటు ఒకటి మన సీమలోనే కలదని వ్రాయుట సత్యమే. హైదరాబాదు చట్టము ప్రక్కన నిలిపి చూచినపుడు దాని విలువ తెలియును.

2014లో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండరు వ్యక్తుల హక్కులను గుర్తించినది; 2018లో వయోజనుల పరస్పర సమ్మతితో కూడిన స్వలింగ సంబంధము నేరము కాదని తీర్పు చెప్పినది. న్యాయస్థానము హక్కు నీయగలదు గాని, పోయిన జ్ఞాపకమును తెచ్చి యీయజాలదు. వృద్ధులైన హిజ్రాలతో పాటు వారి పేటల చరిత్రయు అంతరించుచున్నది. అల్పసంఖ్యాక వర్గముల విద్యాసంస్థలో చదువుచున్న మనకు చరిత్రలో చోటు అను మాట విలువ తెలియనిది కాదు. ఉర్దూ, తెలుగు రెండును వచ్చిన మన విద్యార్థులు, వారి సమ్మతితో, వారు చెప్పినంత మేరకే ఆ మాటలను వ్రాసి యుంచినచో అది చరిత్రకు మేలైన సేవ యగునని మా విశ్వాసము.