ముందుగా కట్టిన పన్ను మిగిలినప్పుడు

పన్ను అనగానే మనకు సాధారణంగా తక్కువ కట్టినవారి కథలే జ్ఞాపకం వస్తవి. గడువు దాటినవారికి పడిన జరిమానాలను గురించీ, లెక్క దాచినవారికి వచ్చిన తాఖీదులను గురించీ పదిమందీ చెప్పుకొంటారు. కాని కట్టవలసినదానికంటె ఎక్కువ కట్టి, ఆ సొమ్ము తనదేనన్న సంగతి మరచి, ఇల్లు గడవక అప్పు చేసేవానిని గురించి ఎవరూ మాట్లాడరు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో స్వతంత్ర వృత్తులతో జీవించేవారిలో ఇట్టివారు లేకపోలేదు. ఆ దేశమందు స్థిరపడి, ఉద్యోగం విడిచి సొంతంగా పనిచేసుకొంటున్న తెలుగువారు కూడ ఉన్నారు. కాబట్టి ఈ విషయమై నాలుగు మాటలు మనవి చేయడం అప్రస్తుతం కాదనుకొంటాను.

మొదట ఆ పన్ను పద్ధతి ఎట్టిదో తెలుసుకోవలెను. ఉద్యోగి విషయంలో జీతం చేతికి రాకముందే యజమాని పన్ను మినహాయించి ప్రభుత్వానికి జమకడతాడు. కాని అనువాదకుడు, చిత్రకారుడు, పెండ్లిండ్లకు ఫోటోలు తీసేవాడు, ఇంటనే కూర్చుండి పలు కంపెనీలకు కంప్యూటరు పని చేసిపెట్టేవాడు, వీరికి యజమాని అంటూ ఒకరు లేరు. వీరిని అక్కడ ఫ్రీలాన్సర్లు అని వ్యవహరిస్తారు. మినహాయించేవాడు లేడు గనుక, ఆ ఏడు తమకు ఎంత ఆదాయం రాగలదో తామే ఊహించి, దానిపై పన్నును వాయిదాలుగా చెల్లించవలెను. దీనికే అంచనా పన్ను అని పేరు. 1943వ సంవత్సరపు చట్టంతో ఈ ఏర్పాటు వచ్చింది. అంతకుముందు ఒక ఏటి ఆదాయంపై పన్నును మరుసటి ఏట కట్టేవారు. అప్పటికి ఆ ఆదాయం ఖర్చయిపోయి ఉండేది. ఆర్జించినప్పుడే చెల్లించడం అన్న సూత్రం యుద్ధకాలంలో అట్లా పుట్టి, నేటికీ నిలిచి ఉన్నది.

వాయిదాలు నాలుగు. ఏప్రిల్ 15, జూన్ 15, సెప్టెంబరు 15, మరుసటి సంవత్సరం జనవరి 15. ఆనాడు సెలవు దినమైతే తరువాతి పనిదినానికి గడువు జరుగుతుంది. ఇవి మూడు నెలల కొకటి వచ్చే కిస్తులని పేరేగాని, నిజానికి సమానమైనవి కావు. మొదటి వాయిదా మూడు నెలల ఆదాయానికి, రెండవది రెండు నెలలకు, మూడవది మూడు నెలలకు, నాలుగవది నాలుగు నెలలకు సంబంధించినవి. లెక్క వేసుకొనడానికి 1040-ఇఎస్ అనే ఫారం ఉన్నది. ఇందులో ఆదాయపు పన్ను మాత్రమే కాక స్వయం వృత్తి పన్ను కూడ చేరుతుంది. వృద్ధాప్య భరణానికి 12.4 శాతం, వృద్ధుల వైద్యానికి 2.9 శాతం, వెరసి 15.3 శాతం. ఖర్చులు పోగా మిగిలిన నికరాదాయంలో 92.35 శాతంపై ఈ పన్ను లెక్కకడతారు. ఉద్యోగి విషయంలో ఇందులో సగం యజమాని భరిస్తాడు. స్వతంత్రుడు రెండు సగాలూ తానే భరించవలెను.

ఇక, ఎంత కట్టినచో జరిమానా ఉండదు? ఇదే ముఖ్యమైన ప్రశ్న. ఈ ఏటి మొత్తం పన్నులో 90 శాతం, లేక కిందటి ఏటి మొత్తం పన్నులో 100 శాతం, ఈ రెంటిలో ఏది తక్కువైతే అది వాయిదాలవారీగా సకాలంలో కట్టినచో చాలును. కిందటి ఏటి సవరించిన స్థూలాదాయం 1,50,000 డాలర్లు మించినవారికి 100 శాతం బదులు 110 శాతమని గుర్తుంచుకోవలెను. పలువురు కిందటి ఏటి పన్నును నాలుగుతో భాగించి, ఆ మొత్తాన్నే ప్రతి వాయిదాకూ కడుతూ పోతారు. ఆదాయం పెరిగిన ఏట ఇది మంచి రక్షణ. తగ్గిన ఏట ఇదే కష్టానికి కారణ మవుతుంది.

ఒక ఉదాహరణ తీసుకొందాము. ఒక గృహస్థుకు కిందటి ఏట మొత్తం పన్ను 16,000 డాలర్లు అయినది. ఆ లెక్కన ఆయన ఏప్రిల్‌లో 4,000, జూన్‌లో 4,000 కట్టినాడు. జూలైలో ఆయనకు ప్రధానంగా పని ఇచ్చే కంపెనీ ఒప్పందం ముగించింది. ఆదాయం సగానికి పడిపోయింది. మళ్లీ లెక్క వేస్తే ఆ ఏటి పన్ను 9,000 డాలర్లకు మించేటట్లు లేదు. అయినా ఆయన పాత కాగితం చూచుకొని, జరిమానా భయంతో, సెప్టెంబరులో మరొక 4,000, జనవరిలో మరొక 4,000 కట్టినాడనుకొనండి. ఇంటి అద్దెకూ, వైద్య బీమాకూ క్రెడిట్ కార్డుపై అప్పు చేసి మరీ కట్టినాడు. మొత్తం 16,000 చెల్లించినాడు. అందులో 7,000 ప్రభుత్వానికి ఇచ్చిన వడ్డీలేని అప్పు. అదే సమయంలో కార్డు అప్పుపై వడ్డీ తాను కడుతున్నాడు. నిజాయితీపరుడే, కాని నిజాయితీకీ లెక్కకూ పొత్తు కుదరలేదు.

ఆయన చేయవలసినది ఏమి? అంచనా అన్నది రాతిపై చెక్కిన శాసనం కాదు. ఆదాయం మారినప్పుడు దానిని మార్చుకొనవచ్చును, మార్చుకొనవలెను. పన్ను 9,000 అయితే, అందులో 90 శాతం 8,100. ఆయన జూన్ నాటికే 8,000 కట్టి ఉన్నాడు. కనుక సెప్టెంబరు వాయిదాకు ఏమీ కట్టనక్కర లేదు. జనవరిలో 1,000 కట్టినచో లెక్క సరిపోతుంది. ఇందుకు ఎవరి అనుమతీ అక్కర లేదు. అర్జీ పెట్టనక్కర లేదు. కట్టిన వాయిదాను సంవత్సరం మధ్యలో వాపసు అడిగే మార్గం మాత్రం వ్యక్తులకు లేదు. కాబట్టి ఎక్కువ కట్టితిమని తెలిసినప్పుడు మొదటి మందు తరువాతి వాయిదాను తగ్గించడమే.

సంవత్సరం గడచిపోయిన తరువాత తెలిసినచో రెండు దారులు ఉన్నవి. 1040 ఫారంలో వార్షిక రిటర్ను దాఖలు చేసేటప్పుడు, కట్టిన మొత్తం, కావలసిన పన్ను, మిగులు, ఈ మూడూ తేలుతవి. ఆ మిగులును వాపసు కోరవచ్చును. లేదా వచ్చే ఏటి అంచనా పన్నుకు జమ చేయుమని కోరవచ్చును. కొంత ఇటూ కొంత అటూ పంచవచ్చును. రిటర్నును ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపి, సొమ్మును నేరుగా బ్యాంకు ఖాతాకు కోరినచో, చిక్కులు లేనప్పుడు సాధారణంగా మూడు వారాలలో వాపసు అందుతుంది. గడువు తేదీ, దాఖలు చేసిన తేదీ, ఈ రెంటిలో ఏది తరువాతిదో దానినుండి 45 రోజులలోగా వాపసు ఇచ్చినచో ప్రభుత్వం వడ్డీ ఇవ్వదు. అంటే కిందటి సెప్టెంబరులో అనవసరంగా కట్టిన 4,000 డాలర్లపై ఈ వసంతం వరకు పైసా రాదు. పాత పన్ను బాకీలు ఉన్నచో వాటిని ముందుగా మినహాయించుకొని, మిగిలినదే ఇస్తారన్న సంగతి కూడ తెలిసి ఉండవలెను.

వచ్చే ఏటికి జమ చేయడంలో సౌకర్యం లేకపోలేదు. ఆ సొమ్ము ఏప్రిల్ 15నాడు చెల్లించినట్లే లెక్క. మన ఉదాహరణలోని గృహస్థుకు వచ్చే ఏడు, కిందటి ఏటి 9,000 ప్రకారం, వాయిదాకు 2,250 చొప్పున సరిపోతుంది. 7,000 మొత్తం జమ చేయించుకొన్నచో మొదటి మూడు వాయిదాలూ గడచిపోయి మరి 250 మిగులుతవి. తేదీ మరచిపోయే స్వభావం గలవారికి ఇది మేలు. కాని ఇందులో ఒక మెలిక ఉన్నది. ఒకసారి అట్లా కోరిన పిమ్మట మనసు మార్చుకొనడానికి వీలు లేదు. మే నెలలో జబ్బు చేసినా, పని పోయినా, ఆ డబ్బు మరుసటి ఏటి రిటర్ను దాఖలు చేసేదాకా చేతికి రాదు. కాబట్టి ఇంట్లో ఆరు నెలల ఖర్చుకు నిలవ ఉన్నవారు జమను ఎంచుకొనవచ్చును. నిలవ లేనివారు, కార్డుపై అప్పు ఉన్నవారు వాపసునే కోరుకొనడం క్షేమం. మన గృహస్థు మొదటి వాయిదాకు 2,250 జమ చేయించి, తక్కిన 4,750 వాపసు తీసుకొని అప్పు తీర్చుకొన్నచో ఉభయతారకంగా ఉంటుంది.

మరి రెండు జాగ్రత్తలు చెప్పవలెను. వాయిదా కట్టేటప్పుడు ఏ సంవత్సరానికి కడుతున్నామో సరిగా సూచించవలెను. జనవరి 15నాటి చెల్లింపును కొత్త ఏటి ఖాతాలో వేయడం తరచుగా జరిగే పొరపాటు. భార్యాభర్తలు కలిసి రిటర్ను వేసేటప్పుడు, వాయిదాలు ఎవరి సామాజిక భద్రతా సంఖ్యపై కట్టినారో కూడ చూచుకోవలెను. రిటర్నులో వ్రాసిన మొత్తమూ, ఇంటర్నల్ రెవెన్యూ సర్వీసువారి ఖాతాలో కనిపించే మొత్తమూ కలియనిచో వాపసు ఆలస్య మవుతుంది. అందుచేత దాఖలుకు ముందు వారి ఇంటర్నెట్ ఖాతా తెరచి, నాలుగు చెల్లింపులను పోల్చి చూడడం మంచిది. పాత రిటర్నులో పొరపాటు కనిపించినచో 1040-ఎక్స్ ఫారంతో సవరించుకొనవచ్చును. రిటర్ను దాఖలు చేసిన నాటినుండి 3 సంవత్సరాలు, పన్ను చెల్లించిన నాటినుండి 2 సంవత్సరాలు, ఏది తరువాత వచ్చునో అంతవరకు వాపసు కోరే హక్కు ఉన్నది. ఆపైన ఆ సొమ్ము సర్కారు సొమ్మే.

నేను చెప్పినదంతా అమెరికా కేంద్ర ప్రభుత్వపు పన్నును గురించి. అక్కడి రాష్ట్రాలకు వేరు వేరు నియమాలు కలవు. కొన్ని రాష్ట్రాలలో ఆదాయపు పన్నే లేదు. మన దేశంలోని ముందస్తు పన్ను వాయిదాల తేదీలూ, నియమాలూ వేరు. ఒకదానిని మరొకదానితో కలిపి చూడరాదు.

చివరకు ఒక మాట. అంచనా తక్కువైనప్పుడు పడే జరిమానా, నిజానికి తక్కువైన మొత్తంపై, తక్కువగా ఉన్న కాలానికి వేసే వడ్డీ వంటిది. అది మంచిది కాదు. కాని ఇల్లు గుల్ల చేసుకొనేంత భయానికి తగినదీ కాదు. పన్ను కట్టడం పౌరధర్మం. కట్టవలసినంతే కట్టడం గృహధర్మం. ఏటికి నాలుగుసార్లు, వాయిదా కట్టేముందు ఒక పూట కూర్చుండి, ఇంతవరకు వచ్చినదెంత, ఇకమీద రాగలదెంత అని కాగితంపై వ్రాసుకొన్నచో ఈ రెండు ధర్మాలూ ఒకదాని కొకటి అడ్డు రావు. మీవారెవరైనా అక్కడ సొంతంగా పనిచేసుకొంటున్నచో, ఈసారి ఫోనులో కుశలప్రశ్నలు ముగిసిన తరువాత, పన్ను అంచనాను మళ్లీ చూచుకొన్నారా అని ఒక్కమాట అడగండి.