కొండెక్కిన సీజరు

కిందటి దసరా సెలవులకు మా కుటుంబమంతా గూడెం కొత్తవీధి వెళ్ళాము. మా ఇంట్లో కుటుంబమంటే కుక్క సీజరుతో సహా అని అర్థం. అమ్మాయి లెక్కలో అది నాకంటె ఒక మెట్టు పైనే!

మన్యపు జ్వరమంటే మాకు భయం. అందుచేత దోమతెరలు కట్టుకుపోయాము. 1897లో సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుక్కున్న కథ కూడా దారిలో పిల్లలకు వినిపించాను. లంబసింగి ఘాటీ ఎక్కి, చింతపల్లి దాటి, కాఫీతోటల నీడకు చేరేసరికి సీజరు ఆనందానికి పట్టపగ్గాలు లేవు.

"కుక్కని గడ్డిలోకి ఒగ్గేసినారేటి మేస్టారూ? పిడుదులు పట్టేస్తాయి" అన్నాడు ఇంటి పెద్దాయన.

"వారం వారం సబ్బుతో స్నానం చేయిస్తామండీ" అన్నాను గర్వంగా. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

ఇంటికి వచ్చాక సీజరు చెవి మడతలో మినపగింజలంత పిడుదులు రెండు కనిపించినవి. పీకి పారేసి మరచిపోయాము. పన్నెండో రోజున అది అన్నం ముట్టలేదు. ఒళ్ళు కాలిపోతున్నది. ముక్కునుంచి రక్తం. అమ్మాయి ఏడుపు చూడలేకపోయాను.

పశువైద్యుడు రక్తం పరీక్షించి, "ఎర్లిషియా. పిడుదు కాటువల్ల వచ్చింది" అన్నాడు. 1960 దశకం చివర వియత్నాం యుద్ధానికి వెళ్ళిన అమెరికా సైన్యపు కుక్కలు వందకు పైగా ఈ జబ్బుతోనే చనిపోయినవట! పిడుదులు తెచ్చే జబ్బు ఇదొక్కటే కాదు. రక్తకణాలలో చేరే బబీసియా క్రిమి రకాన్ని ఒకదానిని 1910లో పాటన్ అనే వైద్యుడు మన మద్రాసులోనే, దొరల వేటకుక్కల రక్తంలో కనుగొన్నాడు.

నాలుగు వారాలు మందు మింగించాక సీజరు తోక ఆడించింది. ఆ నాలుగు వారాలలో నేను నేర్చుకున్నది చెబుతాను. కొండకైనా, విదేశానికైనా కుక్కను తీసుకువెళ్ళేవారికి పనికివస్తుంది.

బయలుదేరేముందే వైద్యుణ్ణి అడిగి మందు వేయించాలి. మెడమీద వేసే చుక్కలు, మెడపట్టీ, మాత్రలు ఉన్నవి. కుక్క బరువునుబట్టి మోతాదు. పెర్మెత్రిన్ కలిసిన చుక్కలు పిల్లికి ప్రాణాంతకం. పిల్లి ఉన్న ఇంట్లో జాగ్రత్త. మనం పూసుకునే దోమల మందు కుక్కకు పూయరాదు, నాకేస్తుంది.

ప్రతి సాయంత్రం పది నిమిషాలు వేళ్ళతో వెతకాలి. చెవులలో, మెడపట్టీ కింద, చంకలలో, కాలివేళ్ళ నడుమ, తోక కింద. పిడుదు దొరికితే పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా లాగాలి. కిరసనాయిలు పోయడం, అగరువత్తితో కాల్చడం కూడదు. కొన్ని క్రిములు పిడుదు ఒకటి రెండు రోజులు కరిచి ఉంటే గాని కుక్కకు సోకవు. ఎర్లిషియా మాత్రం కొన్ని గంటలలోనే సోకవచ్చు. కనుక సాయంత్రపు వెతుకులాట ముందు మందుకు తోడే గాని బదులు కాదు.

దోమనూ మరవరాదు. దోమకాటువల్ల కుక్క గుండెలో దారాలవంటి పాములు పెరగవచ్చు. దానికి నెలకొక మాత్ర ఉన్నది. రక్తపరీక్ష చేయించి మొదలుపెట్టాలి.

తిరిగి వచ్చాక మూడు వారాలు కనిపెట్టి ఉండాలి. అన్నం మానినా, జ్వరం వచ్చినా, చిగుళ్ళు పాలిపోయినా, మూత్రం నల్లబడినా "కొండకు వెళ్ళివచ్చాము" అని వైద్యుడితో ముందుగా చెప్పాలి. సగం రోగనిర్ణయం ఆ మాటలోనే ఉంటుంది.

ఈ ఏడు మళ్ళీ వెళ్ళాము. సాయంత్రం అరుగుమీద లాంతరు పెట్టుకుని, సీజరు చెవులు తిరగేస్తూ కూర్చున్నాను. పెద్దాయన వచ్చి చూశాడు.

"సబ్బు తేలేదేటి మేస్టారూ?" అన్నాడు.

ఈసారి నవ్వి ఊరుకోవడం నా వంతయింది.