వార్తల్లో పదం: న్యూరోట్రాన్స్‌మిటర్

రీల్స్ వ్యసనం మీద వార్త వస్తే చాలు, డోపమైన్ పక్కనే ఈ మాటా కనిపిస్తోంది. ఒక నాడీకణం పక్క కణానికి కబురు పంపడానికి వదిలే రసాయనమే న్యూరోట్రాన్స్‌మిటర్. మధ్యనున్న సన్నటి సందు దాటి, అవతలి కణం మీది గ్రాహకానికి అతుక్కుంటుంది. పని కాగానే ఎంజైము దాన్ని విరగ్గొడుతుంది, లేదా కణమే తిరిగి పీల్చుకుంటుంది.

నిర్మాణాన్ని బట్టి గ్లుటమేట్, గాబా అమైనో ఆమ్లాలు, డోపమైన్, సెరొటోనిన్ మోనోఅమైన్లు, ఎండార్ఫిన్లు పెప్టైడ్లు. ఉత్తేజపరిచేవి, నెమ్మదింపజేసేవి అనే విభజనా ఉంది గానీ, అంత గట్టిది కాదు. 1921లో శాస్త్రవేత్త ఒట్టో లోవీ కప్ప గుండెలతో పట్టుకున్న అసిటైల్‌కొలీన్‌నే చూడండి: చేతి కండరాన్ని బిగిస్తుంది, గుండెను నెమ్మదింపజేస్తుంది. తేడా గ్రాహకంలో ఉంది.

ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందు ఒంట్లోకి పోతే, ఈ అసిటైల్‌కొలీన్‌ను విరగ్గొట్టే ఎంజైమే పడకేసి, అది పేరుకుపోతుంది. నోట చొంగ, సూదిమొనంత కనుపాప, కండరాల అదురు. ఆసుపత్రిలో వెంటనే అట్రోపిన్ ఎక్కించేది ఇందుకే.