మాడిన వాసన ఎక్కడిది?

పుదుచ్చేరి పట్టణంలో సముద్రం ఒడ్డున ఉన్న మత్స్యకారుల పేట వైతికుప్పం. ఇలాంటి చోట ఇరుకు వీధుల్లో కారు నేర్చుకునేవారికి సగం సమయం మొదటి గేరులోనే గడుస్తుంది. ఎదురుగా స్కూటర్ వస్తే ఆగాలి, మళ్లీ కదలాలి. క్లచ్ ఒక్కసారిగా వదిలితే ఇంజిన్ ఆగిపోతుంది. ఆ భయంతో చాలామంది యాక్సిలరేటర్ గట్టిగా తొక్కి, క్లచ్‌ను సగంలో పట్టుకుంటారు. బండి కదులుతుంది గానీ, కాసేపటికి మాడిన వాసన వస్తుంది.

ఆ వాసన క్లచ్ ప్లేటుది. ఇంజిన్‌తో పాటు తిరిగే ఫ్లైవీల్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య రాపిడితో పట్టు ఇచ్చే బిళ్ల అది. కారు నిలిచి ఉన్నా ఇంజిన్ నిమిషానికి దాదాపు 800 సార్లు తిరుగుతూనే ఉంటుంది. రెండు వైపులా వేగం సమానమయ్యేదాకా ప్లేటు జారక తప్పదు. జారినంతసేపూ వేడే.

ఎంత వేడి? ఇంజిన్ వేగం స్థిరంగా ఉందనుకుని, నేల రాపిడిని పక్కన పెడితే, కారు పొందే గతిజశక్తి ఎంతో ప్లేటులో పుట్టే వేడీ అంతే. వెయ్యి కిలోల కారు సెకనుకు 2 మీటర్ల వేగం అందుకునేసరికి అది 2,000 జౌళ్లు. ఇంజిన్‌ను 1,600కు పెంచి క్లచ్ కలిపితే కారు 4 మీటర్ల వేగానికి చేరాలి, వేడి 8,000 జౌళ్లు. అంటే నాలుగు రెట్లు! క్లచ్ మెల్లగా వదిలినా, త్వరగా వదిలినా ఈ లెక్క మారదు. అయితే క్లచ్ పూర్తిగా కలవనీయకుండా బండిని పాకిస్తే మాత్రం వేడి పోగవుతూనే ఉంటుంది.

అందుకే సమతల నేలపై యాక్సిలరేటర్ ముట్టకుండా, ఒక్క క్లచ్‌తోనే కారును కదిలించడం మంచి అభ్యాసం. పట్టు ఎక్కడ మొదలవుతుందో పాదానికే తెలుస్తుంది.

గేరు తగ్గించేటప్పుడూ సమస్య ఇదే. మూడో గేరులో 2,000 సార్లు తిరిగే ఇంజిన్, అదే వేగంలో రెండో గేరుకు వస్తే సుమారు 3,000 సార్లు తిరగాలి. 1928లో కాడిలాక్ కార్లలో వచ్చిన సింక్రోమెష్, గేర్లు గుర్రుమనకుండా వాటి వేగాలను కలుపుతుంది. అంతకుముందు డ్రైవర్లు ఒక్క గేరుకు రెండుసార్లు క్లచ్ తొక్కేవారు. కానీ సింక్రోమెష్ ఇంజిన్ వేగాన్ని పెంచలేదు. ఆ తేడా మళ్లీ క్లచ్ ప్లేటు మీదే పడి, కారు కుదుపుతుంది. క్లచ్ వదలబోయే ముందు యాక్సిలరేటర్‌ను ఒక్కసారి తాకితే ఇంజిన్ ఆ వేగానికి చేరుకుంటుంది.

ఇక వీధిలో స్కూటర్ అడ్డొచ్చిందా, సగం క్లచ్‌పై వేలాడకుండా అడుగంటా తొక్కి, బ్రేక్ వేసి ఆగడమే.