రెండు కంప్యూటర్ల మధ్య గుయ్యిమనే మోత

నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో పెళ్లి జరుగుతుంటే, రాలేకపోయిన బంధువులు ఇప్పుడు లైవ్‌లో చూస్తున్నారు. ఒక కంప్యూటర్లో పాటలు, మరోదానిలో ప్రసారం. రెండింటినీ 3.5 మిల్లీమీటర్ల పిన్నున్న ఆడియో వైరుతో కలపగానే ఒక్కోసారి గుయ్యిమని మోత మొదలవుతుంది. వైరు పాడైందని కొత్తది తెస్తారు. మోత పోదు. ఎందుకంటే చాలాసార్లు తప్పు వైరులో ఉండదు, రెండు యంత్రాల ‘సున్నా’ ఒకటి కాకపోవడంలో ఉంటుంది.

ఆడియో వైరులో లోపలి తీగలు ధ్వని సంకేతాన్ని మోస్తాయి. వాటి చుట్టూ ఉన్న అల్లిక సున్నా వోల్టులకు గుర్తు. రెండో కంప్యూటర్ సంకేతాన్ని కొలిచేది ఆ అల్లికతో పోల్చుకునే. ఈ అల్లిక ఇరువైపులా కంప్యూటర్ల లోహపు పెట్టెలకు కలిసి ఉంటుంది. ఆ పెట్టెలు మూడు పిన్నుల ప్లగ్గుల ద్వారా ఎర్త్‌కు కలుస్తాయి. అంటే మనకు తెలియకుండానే ఒక వలయం పూర్తయింది. రెండు స్విచ్‌బోర్డుల ఎర్త్‌ల మధ్య కొద్దిపాటి వోల్టేజి తేడా ఉన్నా, మట్టం వేరైన రెండు చెరువులకు కాలువ తవ్వినట్టు, అల్లిక గుండా 50 హెర్ట్జ్‌ల కరెంటు పారుతుంది.

అల్లిక నిరోధం 0.2 ఓమ్‌లు, పారే కరెంటు 10 మిల్లీఆంపియర్లు అనుకుందాం. పుట్టే వోల్టేజి 2 మిల్లీవోల్టులే. కాని ఇళ్లలో వాడే పరికరాల లైన్ సంకేతమే సుమారు 316 మిల్లీవోల్టులు. పాట జోరుగా సాగుతుంటే ఆ మోత వినపడకపోవచ్చు, మంత్రానికీ మంత్రానికీ నడుమ నిశ్శబ్దంలో మాత్రం స్పష్టంగా తెలుస్తుంది. 100, 150 హెర్ట్జ్‌ల అనుస్వరాలు తోడైతే చెవికి మరీ గట్టిగా తగులుతుంది.

ఇక్కడి నేల సంగతీ చెప్పుకోవాలి. కుందూ లోయలోని నల్లరేగడి తడిగా ఉన్నంతకాలం విద్యుత్తును బాగానే పోనిస్తుంది. నల్లమల వైపు రాతినేలకు ఆ గుణం తక్కువ. ఎర్త్ గుంతలో బొగ్గు, ఉప్పు వేసి నీళ్లు పోయడం అందుకే. ఎండాకాలంలో ఆ నీళ్లు మరిచిపోతే గుంత పేరుకే మిగులుతుంది. కొన్ని పాత ఇళ్ల స్విచ్‌బోర్డుల్లో మూడో రంధ్రం ఉన్నా దాని వెనక తీగే ఉండదు. అప్పుడు కంప్యూటర్ విద్యుత్ సరఫరా పెట్టెలోని చిన్న కెపాసిటర్ల వల్ల లోహపు పెట్టె సుమారు 115 వోల్టులకు చేరుతుంది. కరెంటు అతి స్వల్పం కనుక వేలికి జివ్వుమనిపించి ఊరుకుంటుంది, ఆడియో పోర్టును మాత్రం దెబ్బతీయగలదు. పిన్ను పెట్టేముందు రెండు యంత్రాలనూ ఆపడం మంచిది.

మోత ఆపడానికి ఎర్త్ పిన్ను విరిచేయడం కొందరి అలవాటు. దాన్ని గట్టిగా ఖండించాలి. మోత తగ్గవచ్చు, కాని లోపల ఫేజు తీగ పెట్టెకు తగిలిన రోజున ప్రాణాన్ని కాపాడేది ఆ పిన్నే.

ముందుగా రెండు కంప్యూటర్లనూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టి చూడాలి. వలయం చిన్నదై, ఎర్త్‌ల తేడా దాదాపు పోతుంది. ఒకటి ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ తీసి బ్యాటరీ మీద నడపాలి. మోత ఆగితే కారణం వలయమే. అప్పుడు ఆడియో వైరు మధ్యలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే చాలు. 1831లో ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణే దాని ఆధారం. సంకేతం అయస్కాంత క్షేత్రంగా దాటుతుంది, రెండు వైపులకూ రాగి బంధం ఉండదు. రెండు యంత్రాలకూ ఆప్టికల్ పోర్టులుంటే ఇంకా మేలు, ధ్వని వెలుగై వెళుతుంది. బ్లూటూత్‌తోనూ వలయం తెగుతుంది గాని ధ్వని కాస్త ఆలస్యమై, పెదవుల కదలికకు మాట కుదరదు.

బ్యాటరీ మీద కూడా గరగర వినిపిస్తే వెతకాల్సిన చోటు వేరు. పిన్నును కదిపినప్పుడే వస్తే జాక్‌లో తుప్పో దుమ్మో ఉండవచ్చు. పాట గట్టిగా ఉన్నప్పుడే స్వరం చిరిగినట్టయితే, వైరును లైన్ ఇన్‌కు కాక మైకు రంధ్రానికి పెట్టారేమో చూడాలి. మైకు రంధ్రం కొద్ది మిల్లీవోల్టులకే సిద్ధమై ఉంటుంది, పాట పంపే కంప్యూటర్లో వాల్యూమ్ బాగా తగ్గించి మళ్లీ వినాలి.